మా అమ్మాయి డచ్ మెటీరియల్

మా ఆయనకి ఏ కష్టం వచ్చినా ముందు నోట్లోంచి వచ్చే మాట మెటీరియల్. వీసా ఇంటర్వ్యూకి మెటీరియల్, డ్రైవింగ్ లైసెన్సుకి మెటీరియల్. నేను అమ్మాయిని కడుపున మోస్తున్నప్పుడు దానికీ ఎక్కణ్ణుంచో మెటీరియల్ పట్టుకొచ్చారు. ఆయనది వరంగల్. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఉద్యోగంలో పడ్డ మనిషి. జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ వేయించిన కట్ట చేతికొచ్చిందంటే సగం చదువు అయిపోయినట్టే ఆయన లెక్క. మిగతా సగం సంగతి దేవుడెరుగు. స్టుట్‌గార్ట్ వచ్చి ఇన్నేళ్ళయినా ఆ జబ్బు మాత్రం కుదరలేదు.

అందుకే మా అమ్మాయి హాలండ్ వెళ్ళి డాక్టరీ చదువుతానన్న రోజు ఏ ఊరు, ఎందుకు, ఎంత దూరం అని ఆయన అడగలేదు. ఫోన్ తీసి మా తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టేశారు. "పెట్టిన. రేపటికల్లా డచ్ మెటీరియల్ వస్తది, నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నారు నాతో.

ఫికర్ చెయ్యక చస్తానా. జర్మనీలో డాక్టరీ సీటు రావాలంటే స్కూలు చివరి పరీక్షలో మార్కులు దాదాపు నిండుగా ఉండాలి. మా పిల్లకి మంచి మార్కులే వచ్చాయి, కానీ ఆ మంచి ఇక్కడ చాలదు. అలా కొద్దిలో తప్పిపోయిన జర్మన్ పిల్లలు కొందరు పక్కనున్న హాలండ్‌కి పోతారు. అక్కడ చదువు డచ్‌లో. ఏడాది తిరిగేలోపు డచ్ పరీక్ష పాసైతేనే సీటు, లేదంటే లేదు. ఇదీ కాకపోతే ఇక డాక్టరీ ఊసే ఎత్తను, ఏదో ఒక ఆఫీసులో కూర్చుంటాను అని అది ముందే తేల్చి చెప్పేసింది. స్కూలు వాళ్ళు పంపితే ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో రెండు వారాలు పనిచేసొచ్చి, అన్నం తింటూ నేను డాక్టర్నవుతాను అన్న పిల్ల అది. ఆ మాట మీద అప్పట్నుంచీ కదల్లేదు. కిటా, అంటే ఇక్కడి పసిపిల్లల బడి, ఆ వయసు నుంచి ఇక్కడే పెరిగింది, మేం తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది. కాబట్టి మాకు కావలసింది జర్మన్ వచ్చినవాళ్ళకి డచ్ నేర్పే సరుకు. ఇంత చిన్న సంగతి మా గ్రూపు బుర్రలకి ఎక్కితేగా.

తెల్లారేసరికి ఆయన ఫోన్ నిండిపోయింది. ఒకాయన పంపినది ఇంగ్లీషులోంచి డచ్ నేర్పే పుస్తకం. ఏ లైబ్రరీలోనో వంకరగా స్కాన్ చేసినట్టున్నారు, పేజీ పేజీకీ ఎవరిదో బొటనవేలు. ఇంకొకావిడ డచ్ పౌరసత్వం పరీక్షకి బిట్ బ్యాంక్ పంపింది. చెత్త ఏ రోజు బయట పెట్టాలి లాంటి ప్రశ్నలు, జవాబులకి ముందే టిక్కులు. కార్ల్స్‌రూహెలో ఉండే ఒక మహానుభావుడు తన యూట్యూబ్ ఛానల్ లింకు పంపాడు. మొదటి వీడియో అరగంట. ఆ అరగంటలో తను ఛానల్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో, ఇల్లు మారడానికి ఎన్ని పాట్లు పడ్డాడో చెప్పి, చివర్లో డచ్‌లో ఒక నమస్కారం పెట్టి లైక్ కొట్టమన్నాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఒక్కరంటే ఒక్కరు కూడా పిల్లకి ఏ భాష బాగా వచ్చు అని అడిగిన పాపాన పోలేదు. మా ఆయన మాత్రం అన్నిటినీ ఒక ఫోల్డర్లో వేసి, పెళ్ళి సంబంధం కుదిరినంత సంబరంగా పిల్లకి చూపించారు. అది ఒకసారి వేలితో పైకీ కిందకీ జరిపి, థాంక్యూ నాన్నా అని లేచిపోయింది.

వీళ్ళవల్ల కాదని నేనే దిగాను. ముందు ఆఫీసులో నా పక్క సీటు జర్మనాయన్ని అడిగాను, ఈ దేశంలో పుట్టినవాడు కదా, మంచి పుస్తకం ఏదో తెలిసుంటుందని. ఆయన పడీ పడీ నవ్వాడు. డచ్ కూడా ఒక భాషేనా, మనం తప్పతాగి జర్మన్ మాట్లాడితే అదే డచ్ అన్నాడు. ఆయన మాట్లాడేది ష్వాబిష్, ఈ చుట్టుపక్కల యాస. హాంబర్గ్ నుంచి వచ్చిన మేనేజరే ఆయన ఏదన్నా చెబితే నా మొహం వైపు చూస్తాడు, నీకేమన్నా అర్థమైందా అన్నట్టు. గురివింద గింజ తన కింద నలుపెరగదని ఊరికే అన్నారా.

పుస్తకాల షాపుకి పోయాను. స్పానిష్‌కి గోడంత, ఇటాలియన్‌కి బీరువా అంత, డచ్‌కి మాత్రం నేల మీద చతికిలబడి చూస్తే తప్ప కనపడని కింది అరలో జానెడు చోటు. అట్టల మీద గాలిమర, లేకపోతే తులిప్ పువ్వు, లేకపోతే చీజు ముద్ద. నాలుగోది వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. తెరవగానే ముందుమాటలో అభినందనలు. జర్మన్ మాట్లాడే మీకు డచ్ సగం ముందే వచ్చు, ఇక హాయిగా నేర్చుకోండి అని. మిగతా సగం నేర్పుతారేమో అని పేజీలు తిప్పితే అంతా కారు వెనక ఇల్లులా కట్టుకుపోయే కారవాన్. ఆ పుస్తకాల ప్రకారం జర్మన్ మనిషి హాలండ్ పోయేది మూడే పనులకి. సముద్రం ఒడ్డున క్యాంపింగ్ చెయ్యడానికి, సైకిలు అద్దెకి తీసుకోడానికి, ఆల్చిప్పలు ఉడికించి పెడితే తినడానికి. ఒక పుస్తకంలో చివరికెక్కడో డాక్టర్ కనిపించాడు. ప్రాణం లేచొచ్చింది. చూస్తే వచ్చిన రోగికి ఎండకి వీపు కమిలిందట. డాక్టరు నీడలో కూర్చోమన్నాడు, పాఠం అయిపోయింది. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, ఏ మందులు వాడుతున్నారు, ఊపిరి గట్టిగా పీల్చండి, ఇలాంటి మాట ఒక్కటి లేదు. ఆల్చిప్పలు మాత్రం మూడు రకాలుగా ఆర్డరివ్వచ్చు. వినడానికి వెనకట్టలో సీడీ పెట్టారు. మా ఇంట్లో ఉన్న కంప్యూటర్లలో దేనికీ సీడీ పెట్టే నోరే లేదు.

ఫోన్ యాప్ సంగతి చెప్పక్కర్లేదు. బాతు పాలు తాగుతోంది, నా గుర్రానికి టోపీ ఉంది, ఇవీ వాక్యాలు. రాయగానే చప్పట్లు, నక్షత్రాలు. మా పిల్ల రేపు ఆస్పత్రిలో గుర్రానికి టోపీ పెడుతుంది కాబోలు. తిట్టుకుంటూనే షాపులో ఉన్నవన్నీ కొన్నాను, తిట్టుకుంటూనే యాప్ వేయించాను. అవి దాని బల్ల మీద ఒక వారం ఉండి, తర్వాత బల్ల కిందికి, ఆ తర్వాత హాల్లోకి వచ్చి పడ్డాయి.

చివరికి మా ఊళ్ళో సాయంత్రం పూట పెద్దవాళ్ళకి నడిపే బడిలో డచ్ క్లాసు ఉంటే చేర్పించాను. కొన్ని వారాలు పోయి, ఇక పోనంది. క్లాసంతా రిటైరైనవాళ్ళట. అందరికీ డచ్ సముద్రం ఒడ్డున కారవాన్లున్నాయట. ప్రతి వారం మళ్ళీ మొదట్నుంచి నా పేరు ఫలానా, మాది ఫలానా ఊరు అని చెప్పుకుంటున్నారట. ఈ వేగంతో పోతే నాకు సర్టిఫికెట్ కాదు, పెన్షన్ వస్తుంది అంది. మాట నిజమే. కానీ ఫీజు తిరిగివ్వరు. కట్టిన ఫీజుని గాలికొదిలేసే వంశంలో నేను పుట్టలేదు. దాని బదులు నేను వెళ్ళాను. ఇంట్లో మాత్రం యోగా అని చెప్పాను, లేకపోతే తండ్రీ కూతుళ్ళు కలిసి నవ్వుతారు.

ఫీజు ఒక సాకు, అసలు సంగతి వేరే. మా పిల్ల చదువంతా నా ముందు ఒప్పజెప్పిందే. ఎక్కాలు అలాగే, స్కూల్లో ఇచ్చిన జర్మన్ కవితలు అలాగే. నాకు అర్థం కాకపోయినా వరస మీద వేలు పెట్టుకుని కూర్చుని, ఎక్కడ తడబడిందో అక్కడ పట్టుకునేదాన్ని. నాకు జర్మన్ వచ్చిందే అలా. నన్ను మా అమ్మ అలాగే కూర్చోబెట్టింది, మా అమ్మని వాళ్ళ నాన్న. పుస్తకం పెద్దల చేతిలో, పాఠం పిల్ల నోట్లో. మా ఇళ్ళలో చదువంటే అదీ. ఇప్పుడింత పెద్ద పరీక్షకి నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలా? ముందు నాకొస్తే కదా దాని చేత ఒప్పజెప్పించుకునేది.

ఆ క్లాసు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక పెద్దాయన అదే కోర్సు ఐదోసారి చేస్తున్నాడు, ఆ మాట గర్వంగా చెప్పుకుంటాడు. ఒకావిడకి క్యాంపింగ్‌లో పక్కవాళ్ళ కుక్క మీద ఫిర్యాదు చెయ్యడం తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఏ పాఠం ఎత్తుకున్నా చేయి ఎత్తి కుక్క దగ్గరికి తీసుకొస్తుంది. టీచరమ్మ డచ్ మనిషే. జర్మన్ వాణ్ణి చేసుకుని ఇక్కడే ముసలిదయింది. ఆడియో పెట్టి అల్లిక సూదులు తీసేది. ఆడియో ఆగిపోయినా అల్లిక ఆగేది కాదు. వంతులవారీగా కేకులు తేవడంలో మాత్రం ఒక్కరూ తప్పేవారు కాదు. నా వంతు వచ్చినప్పుడు జంతికలు పట్టుకెళ్ళాను. మీ దేశంలో ఇవి క్రిస్మస్‌కి చేస్తారా అని అడిగారు. గుడ్డికన్నా మెల్ల నయం అన్నట్టు ఆ క్లాసులో నేనే ఫస్టు.

ఇంట్లో ఎవరూ ముట్టని పుస్తకాలు నా ఆఫీసు బ్యాగులోకి చేరాయి. ఎస్-బాన్‌లో పోతూ వస్తూ చదివేదాన్ని. అది టైముకి నడిచే రైలైతే నాకు అంత చదువు అబ్బేది కాదు, మా దయగల ఎస్-బాన్ ఏ స్టేషన్ ముందు ఆగినా ఒక పాఠం అయ్యేదాకా కదలదు. తిట్టుకుంటూ చదివాను, చదువుతూ తిట్టుకున్నాను. కానీ ఏడ్చి ఏడ్చి నేర్చుకున్న నా జర్మన్ కింద నుంచి ఈ కొత్త భాష మెల్లగా పైకి తేలడం మొదలుపెట్టింది. చెవికి ముందు గరగరలాడింది, తర్వాత మాటలు విడివిడిగా వినిపించాయి. ముందుమాటలో వాళ్ళు కూసింది నిజమే అయ్యుంటుంది. నేను మాత్రం ఒప్పుకోను.

మా పిల్ల ఈలోపు తన దారి తను చూసుకుంది. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఒక డచ్ అమ్మాయి దొరికింది. ఆ పిల్లకి జర్మన్ కావాలట, దీనికి డచ్ కావాలట, ఫోన్‌లో అరగంట ఆ భాష, అరగంట ఈ భాష. పుస్తకం లేదు, పెన్ను లేదు, ఇకిలింపులే. కబుర్లతో పరీక్షలు పాసయ్యేట్టయితే మా మేనత్త ఏనాడో కలెక్టరయ్యేది. ఆ మాట దాని మొహానే అన్నాను. అది తలుపు మూసుకుని మళ్ళీ నవ్వింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం వంటింటి బల్ల మీద చిన్న చిన్న కార్డులు పరుచుకుని కూర్చుంది. ఒకవైపు జర్మన్ మాట, ఒకవైపు డచ్ మాట, అన్నీ తనే రాసుకుంది. గుండె, పేగు, వాపు, దగ్గు, నీరసం. నేను కొన్న పుస్తకాల్లో ఎక్కడా లేని మాటలు. చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాను. కార్డులు దగ్గరికి లాక్కుని, ఒప్పజెప్పు అన్నాను. ఆ రోజు కోసమే కదా అన్ని నెలలూ ఆ కారవాన్ వాళ్ళ మధ్య కూర్చున్నది. తప్పు చెబితే సరిచేసి, అది ఆశ్చర్యంతో నోరు తెరిచేట్టు చెయ్యాలని నా నాలుక ఉబలాటపడుతోంది.

అది నా చేతిలోంచి కార్డులు మెల్లగా తీసుకుంది. "అమ్మా, దీన్నొదిలెయ్. తెలుగు నీది, ఇంగ్లీషు నీది. జర్మన్ కూడా నా పక్కన కూర్చునే నేర్చుకున్నావు. ఇదొక్కటి నాకుండనీ" అంది, జర్మన్‌లోనే. గొంతులో కోపం కూడా లేదు. ఉన్నా బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని.

నాకు తెలిసిన డచ్ అంతా గొంతు దాకా వచ్చి ఆగింది. మింగేశాను. లేచి స్టవ్ దగ్గరికి పోయి, మాడని కూరని కలిపాను. కోపం వచ్చింది, కాదనను. కోపం కన్నా ఎక్కువ చిన్నతనమైంది. ఆ వారం కూడా యోగాకి వెళ్ళాను, ఫీజు ఇంకా మిగిలుంది మరి. కానీ డచ్ నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పే ఆలోచన ఆ సాయంత్రమే చచ్చిపోయింది.

పరీక్ష రాసొచ్చింది. ఎలా రాశావంటే భుజాలెగరేసింది. రిజల్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. వచ్చిన రోజు ఆఫీసుకి ఫోన్ చేసి, పాసయ్యానమ్మా, సీటు ఖాయం అంది. ఫోన్ పట్టుకుని టాయిలెట్‌లోకి పరిగెత్తి, కళ్ళు తుడుచుకున్నాను. పైకి మాత్రం, ఆ చెత్త పుస్తకాలు పెట్టుకుని పాసయ్యావంటే పరీక్ష ఎంత తేలికో అన్నాను. సరే, నాన్నకి చెప్పు అని పెట్టేసింది.

మా ఇళ్ళలో పిల్లల్ని మొహాన పొగడరు. ఆయుష్షు తగ్గుతుందంటారు, అందులోనూ కన్నవాళ్ళ దిష్టి మరీ చెడ్డదట. లోపల ఎంత పొంగినా పైకి పుల్ల విరిచినట్టే మాట్లాడాలి. ఆ సాయంత్రం అది సోఫాలో ఫోన్ చూసుకుంటుంటే వెనకనించి గుప్పెడు ఉప్పు తిప్పి సింకులో వేశాను. మా ఆయన గ్రూపులో పెట్టగానే ఆ కార్ల్స్‌రూహె మహానుభావుడు తన ఛానల్ వల్లే అన్నట్టు చప్పట్ల బొమ్మలు పెట్టుకున్నాడు. మెటీరియల్ మస్తు పనికొచ్చిందని మా ఆయన అందరికీ థాంక్స్ చెప్పారు. మా పిల్ల ఆ ఫోల్డర్ మళ్ళీ తెరిచిందీ లేదు, చచ్చిందీ లేదు.

ఎండాకాలం చివర్లో కారులో సామానేసుకుని దాన్ని దింపడానికి వెళ్ళాం. ఫోన్ కబుర్ల డచ్ అమ్మాయి అదే ఊళ్ళో ఉంటుంది, తన ఇంట్లోనే ఒక గది ఇప్పించింది. గది చూశాను. మెట్లు నిచ్చెనకి అన్నలాగా నిటారుగా ఉన్నాయి. కిటికీకి కర్టెన్ లేదు, దారినపోయేవాళ్ళందరికీ మన పళ్ళెంలో ఏ కూరుందో కనపడుతుంది. వంటింటి అరలో ఎవరో వదిలేసిన జిడ్డు. మా ఆయన కారు పార్కింగ్ వెతుక్కుంటూ పోయారు. నేను ఆ అర ముందు మోకాళ్ళ మీద కూర్చుని తోముతూ, ఇదా ఇల్లు, ఇవా గిన్నెలు, ఈ దేశంలో స్క్రబ్బర్లు దొరకవా అని తెలుగులో సణుగుతున్నాను. నా వెనక బల్ల దగ్గర పిల్లలిద్దరూ టీ తాగుతున్నారు.

ఆ డచ్ అమ్మాయి గొంతు తగ్గించి డచ్‌లో, మీ అమ్మకి కోపం వచ్చిందా అని అడిగింది. మా పిల్ల గొంతు తగ్గించలేదు. "కోపం కాదు. మా అమ్మకి ఏదీ నచ్చదు, అంతే. నేను పాసయ్యానని ఫోన్ చేస్తే పరీక్ష తేలికంది. బాగా చేశావు అని ఒక్కసారైనా అంటుందేమోనని ఏడాదంతా చూశాను. అనదు. గట్టిగానే మాట్లాడు, ఆవిడకి అర్థం కాదు."

ఒక్క మాట తప్పిపోలేదు. తప్పిపోతే ఎంత బాగుండేది. ఎంత చక్కగా మాట్లాడుతోందో, ఎక్కడా తడబాటు లేదు, వెతుక్కోవడం లేదు. నా చేయి అర మీద అలాగే ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆ మాట అప్పుడే అనెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. అంటే ఇంతసేపూ విన్నానని తెలిసిపోతుంది. తనకంటూ ఉంచుకున్న ఒక్కదాంట్లో కూడా నేను వచ్చి కూర్చున్నానని తెలిసిపోతుంది. ఇక ఈ బల్ల దగ్గర కూడా నాకు వినపడకుండా మాట్లాడాల్సి వస్తుంది. అనకపోతే ఆ మాట వినకుండానే ఇక్కడ ఉండిపోతుంది. మళ్ళీ తోమడం మొదలుపెట్టాను. జిడ్డు ఎప్పుడో వదిలిపోయింది, అయినా తోమాను.

బయల్దేరేటప్పుడు కారు దాకా వచ్చింది. మా ఆయన లోపల కూర్చుని ఫోన్‌లో దారి పెట్టుకుంటున్నారు. దిష్టి, ఆయుష్షు అన్నీ గంగలో కలవనీ అనుకున్నాను. దాని చెయ్యి పట్టుకుని, "బాగా చేశావే. అంతా నీ అంతట నువ్వే చేసుకున్నావు, మావల్ల ఏమీ కాలేదు" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది. దాని చెయ్యి నా చేతిలో గట్టిపడింది. తర్వాత మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి, డచ్‌లో అడిగింది. "అమ్మా, ఇందాక మేం మాట్లాడుకున్నది నీకు అర్థమైందా?"

"ఏమంటున్నావే? నా మొహం, నాకేం తెలుస్తుంది ఆ భాష, తెలుగులో ఏడువు" అన్నాను.

దాని చెయ్యి మెత్తబడింది. ఏం లేదులే అని నన్ను కావలించుకుంది.